టర్బోకు తగ్గ నిప్పురవ్వ

డీజిల్ బళ్లకు అలవాటుపడిన బచేలిలాంటి ఊళ్లలోకి పెట్రోల్ టర్బో కార్లు వచ్చాయి. వాటిలో వందల రూపాయల ప్లగ్గు లక్షల రూపాయల ఇంజిన్ ఆయుష్షును తేల్చగలదు. దాన్ని ఎంచుకోవాల్సింది బ్రాండు చూసి కాదు, అంకెలు చూసి.

టర్బో అంటే ఏమిటో బచేలి వాసులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బైలదిల్లా కొండల మీద ఇనుప ఖనిజం మోసే భారీ డంపర్ల నుంచి దంతెవాడ రోడ్డు మీద జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపుల దాకా, ఇక్కడ బరువు లాగే యంత్రాల్లో చాలావాటికి టర్బోచార్జరే ఊపిరి. అయితే అవి డీజిల్ ఇంజిన్లు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని విపరీతంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. చలిలో స్టార్టింగ్‌కు సాయపడే గ్లో ప్లగ్ ఉన్నా దాని పని వేరు. మరోవైపు మోటార్ సైకిళ్లు, పాత మారుతి కార్ల పుణ్యమా అని స్పార్క్ ప్లగ్ కూడా ఈ ఊరి మెకానిక్‌లకు కొట్టిన పిండే. కొత్తదల్లా ఆ రెండూ ఒకే ఇంజిన్‌లో చేరడం.

అలా చేరినప్పుడు పాత లెక్కలు చెల్లవు. మామూలు పెట్రోల్ కారులో కాస్త అటూ ఇటూ అయిన ప్లగ్గు వేస్తే పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, అంతకు మించి పెద్దగా నష్టం ఉండదు. అదే తప్పు టర్బో కారులో చేస్తే పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది. సర్వీస్ సెంటర్ పక్క వీధిలో ఉన్న హైదరాబాద్ వాసికి ఇది ఖర్చుతో పోయే వ్యవహారం. పెద్ద పట్టణమైన జగ్దల్‌పూర్ వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బచేలి వాసికి మాత్రం దారి మధ్యలో ఆగిపోయే వ్యవహారం.

డీజిల్ సీమలో పెట్రోల్ టర్బో

తెలుగువారికి బచేలి పరాయి ఊరేమీ కాదు. ఎద్దు మూపురంలా కనిపించే కొండలు కాబట్టి బైలదిల్లా అని పేరొచ్చిన ఈ శ్రేణిలో గనులు నడుపుతున్న ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 1958లో ఏర్పడిన ఆ సంస్థ 1968లో కిరండోల్ వైపు 14వ నిక్షేపంలో, 1977లో బచేలి వైపు 5వ నిక్షేపంలో తవ్వకాలు ప్రారంభించింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చేందుకు జపాన్ సాయంతో వేసినదే దాదాపు 445 కిలోమీటర్ల కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం. ఉద్యోగాలకు, వ్యాపారాలకు, పెళ్లిళ్లకు, ఆస్పత్రులకు ఇక్కడి తెలుగు కుటుంబాలు విశాఖ వైపు చూడటం అప్పటి నుంచీ ఉన్నదే.

రోడ్డు మీద వెళ్లాలంటే కొండలు దాటక తప్పదు. జగ్దల్‌పూర్, జయపురం, కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు చేరాలి. లేదంటే కోరాపుట్ నుంచి అరకు, అనంతగిరి ఘాట్ మీదుగా దిగాలి. రాయపూర్ వైపు వెళితే కేశ్‌కాల్ ఘాట్ ఎదురవుతుంది. భద్రాచలం వైపు వెళ్లాలంటే సుక్మా, కుంట మీదుగా అడవి దారి. ఇలాంటి దారుల్లో బండి ఆగిపోవడం కేవలం అసౌకర్యం కాని రోజులూ ఉన్నాయి. 2018 నవంబర్ 8న బచేలి సమీపంలో మావోయిస్టులు బస్సును పేల్చినప్పుడు ఒక సీఐఎస్ఎఫ్ జవానుతో పాటు సాధారణ పౌరులూ చనిపోయారు. నమ్మకమైన బండి అనే మాటకు ఈ ప్రాంతంలో ఉన్న బరువు వేరు.

ఆ నమ్మకాన్ని ఇన్నాళ్లూ డీజిల్ బళ్లు నిలబెట్టాయి. లెక్క మారింది 2020 ఏప్రిల్ 1న. ఆ రోజు నుంచి దేశమంతటా బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి రావడంతో చిన్న డీజిల్ ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడం ఖరీదైన పనిగా మారింది. ఆ తేదీ నుంచి డీజిల్ కార్లు ఆపేస్తామని మారుతి సుజుకి 2019లోనే ప్రకటించింది. ఫోక్స్‌వాగన్, రెనో వంటి కంపెనీలూ ఇక్కడ డీజిల్‌కు స్వస్తి చెప్పాయి. మహీంద్రా, టాటా వంటివి డీజిల్‌ను పూర్తిగా వదలకపోయినా, డీజిల్ లాగుడుకు అలవాటుపడిన కొనుగోలుదారుకు మార్కెట్ చూపిన ప్రత్యామ్నాయం చిన్న పెట్రోల్ టర్బో ఇంజిన్.

నిజానికి అది అంతకు ముందే మొదలైంది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో ఒక లీటర్ ఎకోబూస్ట్, ఫోక్స్‌వాగన్ పోలోలో 1.2 టీఎస్ఐ వచ్చాయి. 2014లో టాటా జెస్ట్, 2017లో టాటా నెక్సాన్, మారుతి బలెనో ఆర్ఎస్, 2019లో మహీంద్రా ఎక్స్‌యూవీ 300, హ్యుందాయ్ వెన్యూ, కియా సెల్టోస్, 2021లో స్కోడా కుషాక్, 2023లో మారుతి ఫ్రాంక్స్ వరుస కట్టాయి. వీటిలో చాలా ఇంజిన్లకు సిలిండర్లు మూడే. అంటే ఒక్క ప్లగ్గు మొరాయిస్తే ఇంజిన్ శక్తిలో మూడో వంతు పోయినట్లే. ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ మూడో వంతు విలువ వేరే చెప్పక్కర్లేదు.

రవ్వకు ఎదురుగాలి

టర్బోచార్జర్ సూత్రం సరళమైనదే. వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పి, దానికి జతచేసిన మరో చక్రంతో సిలిండర్లలోకి గాలిని కుక్కుతారు. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ పట్టించవచ్చు. చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్‌లా లాగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నారు.

ఓడలు, విమానాలు, లారీల్లో త్వరగానే కుదురుకున్న ఈ ఏర్పాటు పెట్రోల్ కారుకు మాత్రం ఓ పట్టాన లొంగలేదు. కారణం వేడి. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడి గాలిలో కలిసిన పెట్రోల్ తన వంతు రాకముందే అంటుకోవాలని చూస్తుంది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో పెట్రోల్ కార్లలో ఒకటి. ముందస్తు మంటను ఆపడానికి అందులో నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మేవారు. ఆ ట్యాంకు నింపడం యజమానులు మరిచిపోయేవారు. ఫిర్యాదులు పెరిగి 1963తోనే దాని కథ ముగిసింది. నేటి కార్లలో ఇంటర్‌కూలర్, నాక్ సెన్సర్, కంప్యూటర్ ఆ పని చూసుకుంటున్నాయి. కానీ సిలిండర్ లోపల మంటకు ఎదురుగా నిలబడేది ఇప్పటికీ ప్లగ్గే.

టర్బో ఇంజిన్‌లో ప్లగ్గు మీద రెండు భారాలు పడతాయి. ఒకటి వేడి: ప్రతి పేలుడులో ఎక్కువ ఇంధనం కాలుతుంది కాబట్టి ప్లగ్గు మొన ఎక్కువ వేడెక్కుతుంది. రెండోది పీడనం: కుక్కిన గాలిలో విద్యుత్ రవ్వ దూకడం కష్టం. మొదటి భారాన్ని తట్టుకోవడానికి చూడాల్సినది హీట్ రేంజ్. రెండోదానికి చూడాల్సినది గ్యాప్. దుకాణంలో వినిపించే ఇరిడియం, ప్లాటినం వంటి మాటలన్నీ ఈ రెండింటి తర్వాతే.

అంకె పెరిగితే చల్లనా, వేడా?

ప్లగ్గు మొన మరీ చల్లగా ఉండకూడదు, మరీ వేడిగా ఉండకూడదు. దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉంటే మసి పేరుకుని కరెంటు పక్కదారి పడుతుంది. ఆ పైన ఉంటే మసిని తనే కాల్చుకుని శుభ్రపడుతుంది. కానీ 850 డిగ్రీలు దాటుతున్న కొద్దీ అది నిప్పు కణికలా మారి, రవ్వ పడకముందే పెట్రోల్‌ను అంటించే ప్రమాదం పెరుగుతుంది. దీన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు. పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా మంట తన్నితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పిస్టన్ నెత్తి కరుగుతుంది, లేదా రింగుల దగ్గర విరుగుతుంది.

మొనకు తగిలిన వేడిని సిలిండర్ హెడ్‌కు ఎంత త్వరగా పంపగలదన్న కొలతే హీట్ రేంజ్. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి నిదానంగా పోతుంది, అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా పోతుంది, అది కోల్డ్ ప్లగ్. ఒక్క మెట్టు మారితే మొన దగ్గర 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుందని ఎన్‌జీకే లెక్క. బయటి నుంచి చూస్తే మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. మరలు సరిపోతాయి, స్పానర్ సరిపోతుంది, ఇంజిన్ స్టార్ట్ కూడా అవుతుంది. తప్పు బయటపడేది ఘాట్ రోడ్డు మీదే.

చిక్కంతా అంకెల్లో ఉంది. జపాన్ కంపెనీలైన ఎన్‌జీకే, డెన్సోల లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన. బాష్, చాంపియన్ల లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు వేడి. ఎన్‌జీకే 6 అంటే డెన్సోలో సుమారుగా 20, ఎన్‌జీకే 7 అంటే 22. ఈ సంగతి తెలియకుండా ఒక కంపెనీ అంకె పట్టుకుని మరో కంపెనీ ప్లగ్గు అడిగితే సరిగ్గా వ్యతిరేకమైనది చేతికి రావచ్చు. బ్రాండు మార్చేటప్పుడు ఆ కంపెనీయే ఇచ్చే సమాన నంబర్ల పట్టికలో మీ కారు మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం చూసుకోవడం ఒక్కటే దారి.

టర్బో కాబట్టి ఇంకో మెట్టు చల్లటిది వేయిద్దామన్న సలహా కూడా గ్యారేజీల్లో వినిపిస్తుంటుంది. అది సగం నిజం. కంపెనీ ఇచ్చిన టర్బో కారులో తగినంత చల్లటి ప్లగ్గే అమర్చి ఉంటుంది. ఈసీయూ రీమ్యాప్ చేయించి శక్తి పెంచుకున్నప్పుడే మరో మెట్టు అవసరం. అదనంగా చేరిన ప్రతి 75 నుంచి 100 హార్స్ పవర్‌కు ఒక మెట్టు అన్నది స్థూలమైన లెక్క. ఊరికే చల్లటిది వేస్తే జరిగేది వేరే: టౌన్‌షిప్ నుంచి మార్కెట్‌కు, స్కూలుకు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో మొన ఎప్పుడూ వేడెక్కక మసి పట్టి, ఉదయం స్టార్టింగ్‌కు సతాయిస్తుంది.

వెంట్రుక వాసి దూరం

రెండో లెక్క గ్యాప్. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ పెద్దదైతే రవ్వ పెద్దదవుతుంది, మంట బాగా అంటుకుంటుంది. టర్బో లేని కార్లలో 1 మిల్లీమీటరు, 1.1 మిల్లీమీటర్ల గ్యాప్ మామూలే. కానీ గాలి ఒత్తిడి పెరిగే కొద్దీ అదే ఖాళీని దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. కాయిల్ ఇవ్వగలిగినంత కంటే అవసరం పెరిగిపోతే రవ్వ పడదు. అందుకే చాలా టర్బో ఇంజిన్లలో గ్యాప్ 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంచుతారు.

వాడే కొద్దీ ఎలక్ట్రోడ్లు అరిగి ఈ ఖాళీ పెరుగుతుంది. మైదానంలో నిదానంగా వెళ్లే బండిలో ఆ తేడా తెలియదు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, అంటే టర్బో గట్టిగా ఊదుతున్నప్పుడే ఇంజిన్ కుదుపులు మొదలవుతాయి. దీన్ని డీజిల్ ఫిల్టర్ సమస్యలానో, పెట్రోల్ కల్తీలానో పొరబడటం పరిపాటి. ఆ కుదుపులతోనే నడిపితే కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ప్లగ్గు మార్చాల్సిన చోట కన్వర్టర్ మార్చాల్సి వస్తుంది. ప్రతి ప్లగ్గుకూ ఒక కాయిల్ ఉండే నేటి ఇంజిన్లలో ఎక్కువ వోల్టేజి కోసం శ్రమించి కాయిల్ కూడా దెబ్బతింటుంది. చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటూ వెలిగితే అది తీవ్రమైన మిస్‌ఫైర్‌కు హెచ్చరిక. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపడం మంచిది.

ప్యాక్‌లోంచి తీసిన ప్లగ్గులో గ్యాప్ సరిగానే ఉంటుందని నమ్మకూడదు. రవాణాలో కింద పడితే మారిపోతుంది. కొలిచి చూడాలి. అయితే ఇక్కడ పాత అలవాటు ఒకటి మానుకోవాలి. మోటార్ సైకిల్ ప్లగ్గును బెంచీ మీద తట్టి సరిచేసినట్లు ఇరిడియం ప్లగ్గును తట్టకూడదు. దాని నడిమి మొన మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. చిన్న దెబ్బకే విరుగుతుంది. తీగ గేజ్‌తో కొలవాలి, సరిచేయక తప్పకపోతే బయటి ఎలక్ట్రోడ్‌ను మాత్రమే వంచాలి. తేడా ఎక్కువుంటే ఆ ప్లగ్గును వెనక్కి ఇచ్చేయడమే మేలు.

ఇరిడియం మోజు

హీట్ రేంజ్, గ్యాప్ కుదిరాకే లోహం సంగతి. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గర, ఇరిడియం 2,446 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కరిగే ఉష్ణోగ్రత ఎక్కువైన కొద్దీ లోహం నిదానంగా అరుగుతుంది, మొనను సన్నగా చేయవచ్చు. సన్నటి మొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజికే దూకుతుంది. టర్బోలో ఇరిడియంకు గిరాకీ అందుకే. కాపర్ ప్లగ్ అని పిలిచేది నిజానికి నికెల్ మొన ఉన్న ప్లగ్గే. రాగి గుజ్జు దాని లోపల ఉంటుంది, ఇరిడియం ప్లగ్గుల్లోనూ సాధారణంగా ఉంటుంది.

కానీ ఇరిడియం అంటే ఎక్కువ శక్తి అని కాదు. సరైన హీట్ రేంజ్ ఉన్న నికెల్ ప్లగ్గు, తప్పు హీట్ రేంజ్ ఉన్న ఇరిడియం ప్లగ్గు కంటే వెయ్యి రెట్లు నయం. తేడా ఆయుష్షులోనే. నికెల్ ప్లగ్గులు సాధారణంగా 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తాయి. ఇరిడియంవి టర్బో లేని కార్లలో లక్ష కిలోమీటర్ల దాకా నడుస్తాయి. టర్బోలో అంత ఆశించకూడదు. చాలా కంపెనీలు అంతకంటే బాగా ముందే మార్చమంటాయి. గడువు ఎంతో మీ కారు మాన్యువల్లో ఉంటుంది. ధర చూస్తే నికెల్ ప్లగ్గు ఒకటీ రెండు వందల్లో దొరికితే, ఇరిడియంది ఒక్కోటి వెయ్యి దాటవచ్చు. కంపెనీ ఇరిడియం అమర్చిన చోట నికెల్ వేసి ఆదా చేయాలనుకుంటే, రెండు మూడు రెట్లు ఎక్కువసార్లు మార్చాలి. సర్వీస్ సెంటర్ దూరంగా ఉన్నవారికి ఆ ఆదా మిగలదు.

డీజిల్ అలవాటు, ఘాట్ పరీక్ష

కొండ ఎక్కేటప్పుడు గాలి పల్చబడుతుంది. కొత్తవలస-కిరండోల్ మార్గంలో సిమిలిగూడ స్టేషన్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి పీడనం సముద్ర తీరంతో పోలిస్తే పది శాతానికి పైగా తక్కువ. మామూలు పెట్రోల్ కారు ఆ మేరకు శక్తి కోల్పోతుంది, దాంతో పాటే ప్లగ్గు మీద భారమూ తగ్గుతుంది. టర్బో కారు అలా కాదు. చక్రాన్ని మరింత వేగంగా తిప్పి ఆ లోటు పూడ్చుకుంటుంది. కొండ మీద కారు చురుగ్గా ఉండటం యజమానికి సంతోషమే. ప్లగ్గుకు మాత్రం విశ్రాంతి లేదన్న మాట.

ఇక్కడే డీజిల్ నడిపిన చేతులు జాగ్రత్తపడాలి. డీజిల్ బండిని పై గేర్‌లో ఉంచి, తక్కువ ఆర్‌పీఎంలో గుంజుకుంటూ ఎక్కించడం పాత డ్రైవర్ల నేర్పు. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజిన్‌లో అదే పని చేస్తే లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అనే జబ్బుకు తలుపు తెరిచినట్లే. సిలిండర్‌లో చేరిన ఆయిల్ తుంపర, మసి రేణువులు రవ్వ కంటే ముందే మండి పిస్టన్‌ను బలంగా బాదుతాయి. దీన్ని తట్టుకునేలా ఇంజిన్ ఆయిల్‌కు కొత్త పరీక్ష చేర్చి అమెరికాలోని ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ ప్రమాణాలు తెచ్చింది. హాట్ ప్లగ్, పాత ప్రమాణం ఆయిల్, పై గేర్‌లో గుంజుడు మూడూ కలిస్తే ఇంజిన్‌కు అదే గండం. మందు సులువే: ఒక గేర్ తగ్గించడం, డబ్బా మీద ఎస్పీ అని ఉన్న, మాన్యువల్ చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోయించడం.

పెట్రోల్ మారింది కదా అన్న సందేహమూ ఉంది. 2023 నుంచి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడినీ లాగేస్తుంది. కాబట్టి ఈ-20 వచ్చిందని కంపెనీ చెప్పనిదే హీట్ రేంజ్ మార్చాల్సిన పని లేదు. పాత బండిలో రబ్బరు గొట్టాలు, మైలేజీ గురించిన చర్చ వేరు, ప్లగ్గు సంగతి వేరు. ఎర్ర దుమ్ము లేచే గని ప్రాంతంలో అంతకంటే ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. మూసుకుపోయిన ఫిల్టర్‌తో టర్బో అనవసరంగా శ్రమిస్తుంది, చిరిగిన ఫిల్టర్ దాటిన దుమ్ము టర్బో రెక్కల్ని, సిలిండర్ గోడల్ని అరగదీస్తుంది.

నకిలీ పెట్టె, వారంటీ బెదురు

చిన్న ఊళ్లలో అసలు ప్రశ్న ఏ ప్లగ్గు కావాలన్నది కాదు, కావాల్సినది దొరుకుతుందా అన్నది. దొరకనప్పుడు రెండు దారులు: దుకాణంలో ఉన్నదాంతో సరిపెట్టుకోవడం, లేదా తెలియని అమ్మకందారు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం. మొదటిదానిలో హీట్ రేంజ్ తప్పవచ్చు. రెండోదానిలో సరుకే నకిలీ కావచ్చు. పేరున్న బ్రాండ్ల ప్లగ్గులకు నకిలీలు ప్రపంచమంతటా ఉన్నాయి.

పోల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. పింగాణీ మీద అక్షరాలు చెదిరి ఉండటం, మరలు గరుగ్గా ఉండటం, ఒకే సెట్‌లో ఒక్కో ప్లగ్గుకు ఒక్కో గ్యాప్ ఉండటం, వాషర్ వదులుగా జారిపోవడం అనుమానించాల్సినవే. మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర మరో పరీక్ష చేయించవచ్చు. నేటి ప్లగ్గుల్లో రేడియో అలల గోల ఆపడానికి రెసిస్టర్ ఉంటుంది. పైకొన నుంచి నడిమి మొనకు కొలిస్తే సాధారణంగా 5 వేల ఓములకు అటూ ఇటూ చూపాలి. సున్నా చూపితే అందులో రెసిస్టర్ లేనట్లే. అలాంటిది వేస్తే ఇంజిన్ కంప్యూటర్ సంకేతాలు గందరగోళమవుతాయి.

ఇక బయట ప్లగ్గు మార్పిస్తే వారంటీ పోతుందన్న భయం. కారు కంపెనీలు విడిభాగాలను, పరీక్ష పరికరాలను బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు బహిరంగ మార్కెట్లో దొరకాలని, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయకూడదని చెప్పింది. కంపెనీలు ఆ ఉత్తర్వును పై వేదికల్లో సవాలు చేశాయి. 2022 డిసెంబర్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహన రంగాన్నీ చేర్చింది. బచేలి లాంటి ఊరికి ఈ వివాదం సిద్ధాంత చర్చ కాదు. అధీకృత కేంద్రం లేని చోట బయటి మెకానికే దిక్కు.

అయితే హక్కుకు ఆధారం కావాలి. పార్ట్ నంబరు, బ్యాచ్ కనిపించేలా బిల్లు తీసుకోవాలి. పాత ప్లగ్గులు, కొత్తవాటి పెట్టెలు దాచాలి. తప్పు ప్లగ్గు వల్ల ఇంజిన్ పోయిందని కంపెనీ అంటే, వేసినది సరైనదేనని చూపడానికి అవే సాక్ష్యం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, కారు ఎక్కడ కొన్నా తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే కేసు వేసే వీలు కలిగింది. విశాఖలో కొన్న కారు కోసం విశాఖ చుట్టూ తిరగనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బిగింపులో నేర్పు

సరైన ప్లగ్గు దొరికినా బిగింపులో పాడుచేయవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి అల్యూమినియం హెడ్‌లోంచి విప్పితే మరలు ఊడి వస్తాయి. ప్లగ్గు గుంతలో చేరిన దుమ్మును ముందు గాలి పట్టి ఊదేయాలి. బైలదిల్లా దుమ్ములో తిరిగిన బండికి ఇది మరీ ముఖ్యం. కొత్తది మొదట చేత్తో తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. వదులైతే వేడి హెడ్‌లోకి పోక కోల్డ్ ప్లగ్ కూడా హాట్ ప్లగ్‌లా ప్రవర్తిస్తుంది. ఎక్కువ బిగిస్తే మరలు సాగుతాయి. మరలకు గ్రీజు పూసే అలవాటు మంచిది కాదంటోంది ఎన్‌జీకే. జారుడు పెరిగి, రెంచ్ చూపినదాని కంటే ఎక్కువ బిగుసుకుంటుంది.

విప్పిన పాత ప్లగ్గు ఇంజిన్ ఆరోగ్య నివేదిక లాంటిది. మొన లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే అంతా సవ్యమే. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా ప్లగ్గు మరీ చల్లటిది. తడిగా నూనె ఉంటే రింగులో, టర్బో సీలో పరీక్షించాలి. తెల్లగా పాలిపోయి బుడిపెలు లేస్తే వేడి మితిమీరింది. పింగాణీ మీద మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పిస్టన్ కరగడం మొదలైనట్లే, ఇక బండి తీయకూడదు. మూడు ప్లగ్గుల్లో ఒకటే తేడాగా ఉంటే దోషం ప్లగ్గుది కాక, ఆ సిలిండర్‌ది కావచ్చు.

కొనే ముందు, బయలుదేరే ముందు

● మాన్యువల్లోని పూర్తి పార్ట్ నంబరు చెప్పి అడగండి. ‘ఫలానా కారుకు ప్లగ్గు’ అంటే టర్బో లేని వేరియంట్‌ది చేతికి రావచ్చు.

● మర వ్యాసం, పొడవు సరిచూడండి. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది, తక్కువైతే రవ్వ గుంతలోనే మిగిలిపోతుంది.

● సెట్ మొత్తం ఒకేసారి మార్పించండి. పాతవాటిలో కాస్త మెరుగ్గా ఉన్నదాన్ని డిక్కీలో స్పేర్‌గా ఉంచండి.

● గడువు దగ్గరపడితే ఘాట్ ప్రయాణానికి కనీసం వారం ముందే మార్పించి, ఊళ్లో నడిపి చూడండి.

● దూర ప్రయాణంలో ప్లగ్ సాకెట్, ఒక స్పేర్ కాయిల్ వెంట ఉంచుకోండి.

ఇంతా చేసి ఇది పెద్ద చదువు అవసరమైన విద్యేమీ కాదు. డంపర్ల టర్బోలను విప్పి బిగించే చేతులకు ప్లగ్గు గ్యాప్ కొలవడం లెక్కలోది కాదు. కావాల్సినది సరైన సమాచారం. ఆ సమాచారం మాన్యువల్లో ఇంగ్లీషులో ఉంటుంది, ఆ మాన్యువల్ ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా గ్లవ్ బాక్స్‌లో ఉంటుంది. మెకానిక్ దాన్ని అడగడు, యజమాని చూపడు. ప్లగ్గు నంబరు, గ్యాప్, మార్చాల్సిన కిలోమీటర్లు, ఈ మూడూ అందులోంచి తీసి సర్వీస్ బుక్ అట్ట మీద రాసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. సుంకి ఘాట్‌లో ఆగిన బండికి సాయం వచ్చేసరికి ఒక పూట గడుస్తుంది.